వేగమునకు వెల

మన దేశమున ఎవరైనను క్రొత్తగా కారు కొన్నచో, చూడవచ్చిన బంధుమిత్రులు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "లీటరునకు ఎంత ఇచ్చును?" రంగు, రూపము, సౌఖ్యము, భద్రత తరువాతి మాటలు. ఈ ప్రశ్నను చూచి నవ్వువారు కలరు. కాని నవ్వవలసిన పని లేదు. చమురును విదేశముల నుండి తెచ్చుకొను దేశమున, నెలజీతముపై బ్రదుకు కుటుంబములలో, ఈ ప్రశ్న పుట్టుట సహజము, న్యాయము కూడ.

అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక తికమకపడు యజమాని ఒకడున్నాడు. సామాన్యమైన చిన్న కారు దేహమునందు బలమైన ఇంజనును అమర్చిన బండిని కోరి కొనుక్కొన్నవాడు అతడు. కొన్ననాడు దాని పరుగును పొగడును. మూడు నెలలు గడచిన పిమ్మట "ఇది పెట్రోలు త్రాగుచున్నది" అని వాపోవును. చిన్న కారు గనుక తక్కువ త్రాగవలెనని అతని తలంపు; చురుకైన కారు గనుక ఎక్కువ పరుగెత్తవలెనని అతని కోరిక. ఈ రెండును ఒకే బండిలో ఇముడునా? చాలవరకు ఇముడునని నా అభిప్రాయము. పొదుపును వేగమును పుట్టుకతో శత్రువులు కావు. రెండింటికిని తల్లి ఒక్కతే. ఆమె పేరు తేలికదనము. ఆ తోబుట్టువులు విడిపోవునది నడుపువాని కుడిపాదము క్రింద. ఈ మాట ఒప్పుకొననిదే ఇంధనమును గూర్చిన ఫిర్యాదునకు అర్థము లేదు.

చరిత్ర ఈ విషయమున మనకు మంచి సాక్ష్యమిచ్చుచున్నది. 1956 జులైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయము చేసెను. ఆ యేడు చివర జరిగిన యుద్ధముతో కాలువ మూతపడెను. ఆ దారినే చమురు తెప్పించుకొను ఇంగ్లండు దేశమున డిసెంబరు నుండి పెట్రోలునకు రేషను విధింపబడినది. 1957 మే వరకు అది సాగినది. ప్రజలు జర్మనీ నుండి వచ్చిన బుడగవంటి చిట్టి బండ్లను కొనుటకు ఎగబడిరి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్ ఆ బుడగబండ్లను ఏవగించుకొనెను. నలుగురు కూర్చుండదగిన, కొద్ది పెట్రోలుతో నడువగల అసలైన చిన్న కారును రూపొందింపుమని అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరునకు పని అప్పగించెను.

1959 ఆగస్టు 26న ఆ కారు లోకమునకు వచ్చెను. అదియే మినీ. పొడవు పదియడుగులు, ఇంజను 848 సి.సి.; శక్తి 34 అశ్వశక్తులు; బరువు ఆరువందల కిలోల ప్రాంతము. ఇసిగోనిస్ ఇంజనును నిలువుగా గాక అడ్డముగా అమర్చెను. గేరుపెట్టెను దాని క్రిందనే చేర్చెను. పది అంగుళముల చక్రములు పెట్టెను. ఇంతయు చోటును, బరువును, పెట్రోలును మిగుల్చుటకే. వేగముగా పోవలెనను ఉద్దేశము అతనికి లేదు.

కాని పందెపు కార్లను కట్టుటలో ప్రసిద్ధుడైన జాన్ కూపర్ ఈ పొదుపు బండిలో మఱియొక గుణమును కనిపెట్టెను. బరువు తక్కువ, చక్రములు నాలుగు మూలలకు దూరముగ నున్నవి, మలుపులలో అది ఒరగక తిరుగును. ఇంకొంచెము శక్తి యిచ్చినచో పెద్దబండ్లకు దీటు వచ్చునని అతడు గ్రహించెను. 1961లో 997 సి.సి. ఇంజనుతో, 55 అశ్వశక్తులతో మినీ కూపర్ వెలువడెను. 1964లో 1,071 సి.సి. కూపర్ ఎస్ మాంటీ కార్లో ర్యాలీలో గెలిచినది. రెండవ స్థానమున నిలిచినది నాలుగు లీటర్లకు మించిన, ఎనిమిది సిలిండర్ల ఫోర్డు కారు. ఆ పందెపు నియమములలో చిన్న ఇంజనులకు కొంత వెసులుబాటు ఉండెననుట నిజమే. అయినను మంచు దారులలో, కొండ మలుపులలో ఆ చిట్టి బండి చూపిన చురుకుదనమును ఎవరును కాదనలేకపోయిరి. 1965లోను, 1967లోను మినీయే మరల గెలిచెను. పెట్రోలు కరవున పుట్టిన బండి, ఎనిమిదేండ్లలోపల పందెముల రాజ్యమేలినది. ఒకే గుణము రెండు ఫలములనిచ్చిన తీరిది.

ఇటువంటిదే రెండవ నిదర్శనము జర్మనీలో కలదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు సరఫరాను బిగించినవి. కొద్ది నెలలలో ముడిచమురు ధర సుమారు నాలుగింతలైనది. పశ్చిమ జర్మనీలో ఆ నవంబరు, డిసెంబరు నెలలలో నాలుగు ఆదివారములు కార్లు రోడ్డెక్కరాదని నిషేధించిరి. ఆ చేదు ఇంకను నోట నుండగనే, 1975లో ఫోక్స్‌వాగన్ సంస్థ గోల్ఫ్ జి.టి.ఐ. అను చురుకైన చిన్న కారును ప్రదర్శించి, మరుసటి యేడు అమ్మకమునకు పెట్టినది. 1,588 సి.సి. ఇంజను, 110 అశ్వశక్తులు. బరువు మాత్రము ఎనిమిది వందల కిలోల చిల్లర. ఐదువేలు అమ్ముడుపోయిన చాలునని సంస్థ అంచనా వేసినది. తొలి తరము ముగియునప్పటికి నాలుగు లక్షల అరువది వేలకు పైగా తయారైనవి. చమురు కరవు నాటి ప్రజలు పరుగును త్యజింపలేదు. బరువును త్యజించి పరుగును నిలుపుకొనిరి.

మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు జరిగినదియు ఇట్టిదే. అది పందెపు కారు కాదు. 796 సి.సి. ఇంజను, ఏడువందల కిలోలకు లోపు బరువు. అంతవరకు మన రోడ్ల నేలిన అంబాసిడరు వెయ్యి కిలోలకు మించిన బండి. ఇంజను సగము ప్రమాణముదే యైనను మారుతి చురుకుగా కదలెను, పెట్రోలును తక్కువగా వాడెను. శక్తి యెంత యనునది సగము ప్రశ్న. ఎంత బరువును మోయుచున్నది యనునది మిగిలిన సగము.

ఈ సత్యమును నేటి తయారీదారులు చాలవరకు మరచిరి. 2000 అక్టోబరులో పాత మినీ ఉత్పత్తి ఆగినది. 2001లో అదే పేరుతో వచ్చిన క్రొత్త కారు వెయ్యి కిలోలు దాటినది. పిదప ఇంకను బరువెక్కినది. ఇందు భద్రతకొఱకు చేర్చిన ఉక్కు, గాలిసంచులు కలవు, వానిని తప్పుపట్టరాదు. కాని పెద్ద చక్రములు, వెడల్పైన టైర్లు, కుర్చీలను జరుపు మోటార్లు, గాజుకప్పులు భద్రతకొఱకు కాదు గదా! బరువును పెంచి, ఆ బరువును లాగుటకు శక్తిని పెంచి, ఆ శక్తికొఱకు పెట్రోలును పెంచుట ఒక విషవలయము. కావున చురుకైన కారును కొనదలచినవాడు అశ్వశక్తుల సంఖ్యను చూచుటకు ముందే కిలోల సంఖ్యను చూడవలెనని నా మనవి.

బండి చేతికి వచ్చిన తరువాతి సంగతి వేరు. బలమైన ఇంజను మెల్లగా నడిపినను కొంత అధికముగ త్రాగుననుట నిజము. అందుకు కారణములు కలవు. పెద్ద ఇంజనును కొద్ది శక్తికొఱకు నడుపునపుడు గాలి లోనికి పోవు ద్వారము దాదాపు మూసియుండును. ఆ యిరుకు సందున గాలిని లాగుకొనుటకే ఇంజను కొంత శ్రమను వ్యర్థపరచును. చురుకుదనముకొఱకు గేర్లను కుదించి అమర్చుదురు. అందుచే ఇంజను ఎక్కువ చుట్లు తిరుగును. పట్టుకొఱకు వేసిన వెడల్పు టైర్లు తరచుగా దొర్లుటలో ఎక్కువ నిరోధమును కలిగించును. ఇంజను లోపలి ఒత్తిడి అధికమైన కొన్ని బండ్లు హెచ్చు ఆక్టేను గల ఖరీదైన పెట్రోలును కోరును.

ఈ చిక్కును తప్పించుటకే నేడు చిన్న ఇంజనునకు టర్బో చేర్చుచున్నారు. బయటికి పోవు వేడి వాయువులతో ఒక చక్రమును త్రిప్పి, దానిచే గాలిని ఇంజనులోనికి ఒత్తి పంపు ఉపాయమది. మెల్లగా పోవునపుడు చిన్న ఇంజను పొదుపు, అవసరమైనపుడు పెద్ద ఇంజను బలము. ఉపాయము మంచిదే. కాని అదనముగ ఒత్తిన గాలికి అదనముగ పెట్రోలు కలుపక తప్పదు. ప్రకృతి ఎవరికిని బహుమానములు ఈయదు. టర్బో యున్నది గనుక బలము ఉచితమని భ్రమపడినవాడే పెట్రోలు బంకువద్ద ఎక్కువగా ఆశ్చర్యపడును.

ఇక నడుపువాని పాదము సంగతి. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పు గతిజశక్తి సూత్రమే ఇచట చాలును: ద్రవ్యరాశిని వేగముయొక్క వర్గముతో గుణించి సగము చేయవలెను. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమును అందుకొన్నచో దాని గతిజశక్తి సుమారు 1 లక్షా 39 వేల జౌళ్లు. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్లు ఉండును. అందు నాలుగవ వంతు మాత్రమే చక్రములకు చేరుననుకొన్నచో, పనికి వచ్చునది 80 లక్షలు. అనగా ఆ కారు నిలిచిన చోటునుండి 60 కిలోమీటర్ల వేగమును అందుకొని, బ్రేకు వేసి ఆగి, మరల అందుకొనుచు పోయినచో, ఇట్టి 57 ఆటలకు ఒక లీటరు చెల్లును. గాలిని చీల్చుటకును, టైర్లు దొర్లుటకును అయినది దీనికి అదనము. అదే 90 కిలోమీటర్ల వేగమును అందుకొని ఆగినచో, లీటరునకు 25 ఆటలే దక్కును. వేగము ఒకటిన్నర రెట్లయిన, వ్యయము రెండుంబావు రెట్లయ్యెను.

ఈ లెక్కలో ఒక విశేషమున్నది. వడిగా అందుకొన్నను, మెల్లగా అందుకొన్నను, 60 కిలోమీటర్ల వేగమునకు కావలసిన గతిజశక్తి ఒక్కటే. ఇంజనును నిండుబలముతో గీపెట్టించినచో కొంత పెట్రోలు వృథా యగుట నిజమే. కాని ప్రధానమైన నష్టము బ్రేకులో నున్నది. పెట్రోలు పోసి సంపాదించిన శక్తిని బ్రేకు వేడిగా మార్చి గాలిలో కలిపివేయును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? నూరు గజముల దూరమున ఎఱ్ఱదీపము కనబడుచుండగా బుసకొట్టుచు ముందునకు దూకి, దీపమువద్ద కీచుమని ఆగువాడు తన డబ్బును బ్రేకు పళ్లెములపై కాల్చుకొనుచున్నాడు. ముందుచూపుతో పాదమెత్తి, వచ్చిన వేగముతోనే మెల్లగా చేరుకొనువాడు అదే కారుతో అదే దారిలో ఎంతో తక్కువ పెట్రోలు వాడును. చురుకైన కారును నడుపుటలో నేర్పు అనగా ఇదియే. కొండమలుపున వేగమును పోగొట్టుకొనక పోవు నేర్పును, పట్టణమున పెట్రోలును పోగొట్టుకొనక పోవు నేర్పును ఒకే విద్య.

విశాలమైన రహదారిపై శత్రువు బ్రేకు కాదు, గాలి. గాలి నిరోధము వేగముయొక్క వర్గముతో పెరుగును. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. గంటకు 80 చొప్పున ఆగక పోయినచో మూడు గంటల ఇరువదియారు నిమిషములు. 100 చొప్పున పోయినచో రెండు గంటల నలుబదియైదు నిమిషములు. మిగిలినది నలుబది నిమిషములు. గాలితో పోరుటకు అయిన పని మాత్రము ఒకటిన్నర రెట్లు దాటినది. ఆ నలుబది నిమిషములకు ఆ వెల తగునా, తగదా యని నిర్ణయించుకొను స్వాతంత్ర్యము యజమానికి కలదు. వెల యున్నదని మరచు స్వాతంత్ర్యము లేదు.

కొలత విషయమున మనము చేయు పొరపాటు మఱియొకటి. లీటరునకు ఎన్ని కిలోమీటర్లని అడుగుట మనకు అలవాటు. ఐరోపా దేశములవారు నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడుగుదురు. భేదమేమున్నదని తోచవచ్చును, చాల ఉన్నది. ఒక కారు లీటరునకు 10 కిలోమీటర్లనుండి 12కు పెరిగినదనుకొనుడు. వేరొక కారు 20 నుండి 22కు పెరిగినది. రెండింటను పెరిగినది రెండే. వెయ్యి కిలోమీటర్లకు మొదటిదానిలో మిగిలినది పదునారు లీటర్లకు పైన; రెండవదానిలో మిగిలినది నాలుగున్నర లీటర్లు మాత్రమే. ఎక్కువ త్రాగు కారులో వచ్చిన కొద్దిపాటి మెరుగే ఎక్కువ మేలు. కనుక చురుకైన కారు యజమాని తన నడకను కొంచెము దిద్దుకొన్నచో పొందు లాభము, పొదుపు కారు యజమాని పొందు లాభముకంటె అధికము.

తయారీదారు ప్రకటించిన సంఖ్య రోడ్డుపై రాలేదని అలుగుటయు తఱచు వినబడుచున్నది. ఆ సంఖ్య ప్రయోగశాలలో వచ్చినది. మన దేశమున పలు సంవత్సరములుగా వాడిన పరీక్షాక్రమమున వేగము గంటకు 90 కిలోమీటర్లు మించదు; వేగమును పెంచుటయు మెల్లగానే జరుగును. బలమైన ఇంజను అచట నిద్రావస్థలో పని చేసి మంచి మార్కులు తెచ్చుకొనును. యజమాని దానిని కొన్నది మాత్రము నిద్ర లేపుటకే. ఇక పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలుపుటయు ఉన్నది. ఎథనాలులో లీటరునకు గల శక్తి పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు. ఆ లెక్కన మిశ్రమమున ఆరేడు శాతము శక్తి తగ్గును. ఇది చురుకైన కారునకే కలిగిన శాపము కాదు. అన్ని కార్లకును ఒక్కటే.

ఇన్ని లెక్కలకు పిదప రూపాయల మాట. చురుకైన చిన్న కారు లీటరునకు 14 కిలోమీటర్లును, దాని సామాన్య సోదరి 18 కిలోమీటర్లును ఇచ్చుననుకొందము. నెలకు 600 కిలోమీటర్లు తిరుగువానికి తేడా తొమ్మిదిన్నర లీటర్లు. తెలుగు నేలపై లీటరు నూరు రూపాయలు దాటిన యీ దినములలో అది నెలకు వెయ్యి రూపాయల మాట. సామాన్యమైన రకముకంటె లక్షలు అధికముగ పోసి బండిని కొన్నవాడు ఈ వెయ్యికి కన్నీరు పెట్టుట, ఏనుగును కొన్నవాడు అంకుశమునకు బేరమాడుట వంటిది. ఆ వెయ్యి నిజముగా భారమైనవాడు మొదటనే ఆ లెక్క వేసికొని సామాన్యమైన కారును కొనుట వివేకము. అందు చిన్నతనమేమియు లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. "డబ్బున్నవాడు తన డబ్బుతో పెట్రోలు కాల్చుకొన్నచో మీకేమి?" యని. డబ్బు అతనిదే, పెట్రోలు మాత్రము అతని ఒక్కనిది కాదు. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు మించి దిగుమతియే. లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరును. ఆ గాలి అందరిది. దీనికి ప్రతిగా వేరొకరు "అట్లయిన ఇట్టి కార్లే ఉండరాదు" అనవచ్చును. ఆ మాటతోను నేను ఏకీభవింపను. మనుష్యుడు కేవలము లెక్కలకొఱకే బ్రదుకడు. చక్కగా చేసిన యంత్రమును చక్కగా నడుపుటలో ఒక ఆనందము కలదు, అది నీచమైనది కాదు. పైగా, తేలికయైన చురుకు కారు నెమ్మదిగా నడచినచో, రెండు టన్నుల విలాస వాహనముకంటె తక్కువే వాడును. వీథులలో ఒంటరిగా ఒక్క మనిషిని మోసికొని పోవు ఆ మహావాహనములను మెచ్చుకొనుచు, చిన్న కారు చురుకుదనమును మాత్రము దోషమనుట న్యాయము కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. పెట్రోలు టాంకును నిండుగా నింపించి, మీటరు అంకెను వ్రాసికొని, మరల నిండుగా నింపునపుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరమును భాగించు పద్ధతి అందరును చేయదగినది. ఇంటిలో స్కూటరో కారో ఉన్న విద్యార్థులచే ఒక నెల ఈ లెక్క వ్రాయింపుడు. పట్టణమున తిరిగిన వారమును, దూరప్రయాణము చేసిన వారమును వేరువేరుగ చూపింపుడు. ఇదే బండి ఒక వారము పొదుపరియై, మరు వారము దుబారాయగుటకు కారణమేమని అడుగుడు. వర్గము, భాగహారము, ఘర్షణ, గతిజశక్తి యనునవి పరీక్షకొఱకు కంఠస్థము చేయవలసిన మాటలు కావని, నాన్నగారి జేబులోను దేశము ఖజానాలోను ప్రతిదినము పని చేయుచున్నవని వారు గ్రహింతురు.

విద్యార్థులలో కొందఱు రేపు చురుకైన కార్లను కొందురు. కొనుడు, తప్పు లేదు. కాని కొనునాడు ఇంజను బలముతోపాటు బండి బరువును అడుగుడు. నడుపునాడు ఎదుటి దీపమును దూరముననే చూడుడు. బంకువద్ద రసీదు చేతికి వచ్చినపుడు బండిని నిందింపక, ఆ నెల మీరు చేసిన ప్రయాణములను ఒక్కొక్కటిగా తలచుకొనుడు.